మిల్లు దుమ్ము, సోమవారం ఆయాసం: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో పెరంబూరు, ఓటేరి, పులియంతోపు వైపు తెలుగు మాట్లాడే పాత మిల్లు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. తాత బిన్నీ మిల్లులో కార్డింగ్ (దూదిని దువ్వి శుభ్రం చేసే విభాగం), తండ్రి రింగ్ ఫ్రేమ్ (నూలు వడికే మెషిన్), ఇంట్లో అందరికీ తెలిసిన ఒక దగ్గు. బెంగళూరులో మాగడి రోడ్డు పక్కన బిన్నీ మిల్లు పేరు రోడ్డు పేరుగా మిగిలింది, పని పీణ్యా, బొమ్మనహళ్ళి గార్మెంట్ యూనిట్లకు మారింది. మిల్లు జబ్బుల గురించి ఈ ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకునే మాటల్లో సగం తప్పు. ఆ తప్పుల వెనక ఉన్న కారణం కూడా చాలావరకు ఒకటే: కంటికి కనిపించేదాన్ని పట్టుకుని, కనిపించనిదాన్ని వదిలేయడం.

అపోహ: సోమవారం ఆయాసం ఆదివారం తాగిన దాని ఫలితం.

వాస్తవం: ఈ మాట సూపర్‌వైజర్ల నోట పుట్టి కార్మికుల ఇళ్ళలోకి వచ్చింది. సెలవు తర్వాత మొదటిరోజు షిఫ్టు మొదలైన రెండు మూడు గంటలకు ఛాతీ బిగబట్టినట్టు అవుతుంది, ఊపిరి లోపలికి పూర్తిగా అందదు, పొడిదగ్గు వస్తుంది. మంగళవారానికి తగ్గుతుంది, బుధవారానికి మరిచిపోతారు. తాగుడే కారణమైతే పొద్దున్నే, మిల్లులో అడుగు పెట్టకముందే ఉండాలి. ఇది లోపలికెళ్ళి దుమ్ము పీల్చిన తర్వాతే మొదలవుతుంది. చుక్క ముట్టని ఆడవాళ్ళకూ వస్తుంది.

దీని పేరు బిస్సినోసిస్. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జిని తన పుస్తకంలో జనపనార, అవిసె నార చిక్కు తీసేవాళ్ళ దగ్గు, ఆయాసం గురించి రాశాడు. అంటే మిల్లులు పుట్టకముందే ఈ బాధ ఉంది. పత్తి విషయంలో కారణం దూది పోగు కాదు, దూదితో పాటు బేలులోకి వచ్చే చెత్త. కాయను అంటిపెట్టుకుని ఉండే ఎండు ఆకుముక్కల మీద గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పెరుగుతుంది. దాని గోడలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఊపిరితిత్తుల చిన్న గొట్టాలను వాపెక్కించి బిగిస్తుంది. రోజూ పీలుస్తుంటే శరీరం కొన్నాళ్ళు తట్టుకుంటుంది. ఒకటి రెండు రోజులు సెలవు దొరికితే ఆ తట్టుకునే గుణం పోతుంది, తిరిగి వచ్చిన రోజు దెబ్బ గట్టిగా తగులుతుంది. 'సోమవారం' అన్న పేరు అలా వచ్చింది.

ఇప్పటి మిల్లుల్లో ఏడు రోజులూ మెషిన్లు నడుస్తాయి, వారం సెలవు ఒక్కొక్కరికి ఒక్కో రోజు. గురువారం ఆఫ్ ఉన్న సైడర్‌కు (రింగ్ ఫ్రేమ్ చూసుకునే కార్మికుడికి) 'సోమవారం' శుక్రవారంనాడు వస్తుంది. "సోమవారం ఆయాసం వస్తుందా?" అని అడిగి, లేదంటే టిక్ పెట్టేసే డాక్టర్ జబ్బును వదిలేసినట్టే. "ఆఫ్ అయిపోయి డ్యూటీకి వచ్చిన రోజు ఎలా ఉంటుందమ్మా?" అని అడగాలి. లాంగ్ లీవు మీద ఊరెళ్ళి వచ్చిన రోజు గురించి విడిగా అడగాలి, ఆ రోజు లక్షణాలు మరీ స్పష్టంగా ఉంటాయి.

జబ్బు తీవ్రతకు షిల్లింగ్ అనే ఇంగ్లండ్ వైద్యుడు 1950, 60ల్లో వేసిన మెట్లు ఇప్పటికీ పనికొస్తాయి. మొదటిరోజు అప్పుడప్పుడు మాత్రమే పట్టేస్తే అర గ్రేడు. ప్రతి వారం మొదటిరోజు పట్టేస్తే ఒకటి. మొదటిరోజుతో పాటు మిగతా రోజుల్లోనూ ఉంటే రెండు. ఊపిరితిత్తుల శక్తి శాశ్వతంగా పడిపోతే మూడు. అర, ఒకటి గ్రేడుల దగ్గర పట్టుకుని దుమ్ము లేని విభాగానికి మారిస్తే మనిషి కోలుకుంటాడు. మూడో గ్రేడు దగ్గర పట్టుకుంటే ఉన్నదాన్ని కాపాడుకోవడమే. బీడీ, సిగరెట్ ఈ జబ్బును తీవ్రం చేస్తాయి, నిజమే. కానీ "బీడీ తాగేవాడికి ఆయాసం రాక ఏమొస్తుంది" అని కేసు మూసేస్తే పని వల్ల వచ్చిన భాగం రికార్డుల్లోకి రాదు. ఈ ఒక్క మాటతో ఎంతోమందికి అన్యాయం జరిగింది.

అపోహ: ఎక్స్‌రే బాగుంది కాబట్టి ఊపిరితిత్తులు బాగున్నాయి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ హాని చేసింది ఈ అపోహే. రాతిదుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ ఎక్స్‌రేలో మచ్చలుగా కనిపిస్తుంది. బిస్సినోసిస్‌కు అలాంటి గుర్తు ఏదీ లేదు. రెండో గ్రేడులో మెట్లెక్కలేక ఆగిపోయే మనిషి ఎక్స్‌రే కూడా శుభ్రంగా ఉండొచ్చు. సంవత్సరానికోసారి ఎక్స్‌రే బండి వచ్చి అందరికీ ఫిల్ములు తీసి, 'నార్మల్' అని రాసి వెళ్ళడాన్ని వైద్య పరీక్ష అనుకోవద్దు.

చేయాల్సింది స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరి శక్తిని కొలిచే పరీక్ష, అదీ ఒకసారి కాదు, ఒకే రోజు రెండుసార్లు. సెలవు తర్వాత మొదటిరోజు, షిఫ్టులోకి వెళ్ళకముందు ఒకసారి. కనీసం ఆరు గంటలు పనిచేశాక, అదే మెషిన్ మీద, అదే భంగిమలో మరోసారి. మెషిన్‌ను ఆ పొద్దున మూడు లీటర్ల సిరంజితో సరిచూడాలి, తేడా 3 శాతం దాటకూడదు. పరీక్షకు గంట ముందు నుంచి బీడీ తాగకూడదు. ముక్కుకు క్లిప్పు పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి, పెదాలు గొట్టం చుట్టూ బిగించి, ఒక్క ఉదుటున ఊది, ఆపకుండా ఆరు సెకన్లు ఊదుతూనే ఉండాలి. సరైన ఊదుళ్ళు కనీసం మూడు కావాలి. వాటిలో మంచివి రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు.

ఎక్కువగా తప్పు జరిగేది చెప్పే భాష దగ్గరే. తెలుగు మాత్రమే వచ్చిన మనిషికి మరో భాషలో "బ్లో, బ్లో" అని అరిస్తే బుగ్గలు పొంగించి ఊదుతుంది. అంకె తక్కువ వస్తుంది, పొద్దుటి అంకె అలా పడిపోతే సాయంత్రం తేడా తెలియదు. "దీపం ఆర్పినట్టు కాదు, పొయ్యి ఊదినట్టు, గట్టిగా, చివరిదాకా" అని చెబితే పట్టుకుంటారు.

లెక్క చూడండి. పొద్దున మొదటి సెకనులో ఊదిన గాలి 2.60 లీటర్లు, సాయంత్రం 2.30. తగ్గింది 0.30, అంటే సుమారు 11.5 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983 వర్గీకరణ ప్రకారం తగ్గుదల 5 శాతం లోపు ఉంటే ప్రభావం లేనట్టు, 5 నుంచి 10 అయితే స్వల్పం, 10 నుంచి 20 అయితే మధ్యస్థం, 20, ఆపైన తీవ్రం. ఈ మనిషిది మధ్యస్థం. కానీ పొద్దున అంకె మాత్రమే చూస్తే ఆమె వయసుకూ ఎత్తుకూ సరిపోయేలాగే ఉండొచ్చు. ఒక్కసారి ఊదించి పంపేస్తే జబ్బు దొరకదని చెప్పేది ఇందుకే.

టీబీతో గందరగోళం కూడా పాతదే. టీబీ దగ్గుకు వారం సెలవుతో పనిలేదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కొన్నిసార్లు కళ్ళెలో రక్తం ఉంటాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష తప్పనిసరిగా చేయించాలి, మిల్లు మనిషికైనా సరే. కానీ కళ్ళెలో ఏమీ లేకపోయినా ఎక్స్‌రే చూసి "అనుమానంగా ఉంది" అని నెలల తరబడి టీబీ మందులు మింగించి, మళ్ళీ అదే కార్డింగ్‌కు పంపితే రెండు విధాలా నష్టం.

అపోహ: షిఫ్టు తర్వాత బెల్లం ముక్క తింటే దుమ్ము కడిగేసుకుపోతుంది.

వాస్తవం: బెల్లం, అరటిపండు వెళ్ళేది ఆహారనాళంలోకి. దుమ్ము వెళ్ళింది గాలిగొట్టంలోకి. ఈ రెండూ గొంతు దగ్గరే విడిపోతాయి. తీపి నోట్లో వేసుకుంటే లాలాజలం ఊరి గొంతు గరగర తగ్గుతుంది, అంతే. తినండి, తప్పేం లేదు. కానీ బెల్లం పంచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రిపేరు వాయిదా వేసే చోట అది మందు కాదు, అడ్డుతెర.

అపోహ: గాల్లో తేలే తెల్లటి నూగే ప్రమాదం, కర్చీఫ్ కట్టుకుంటే చాలు.

వాస్తవం: కనుబొమ్మల మీద, జుట్టు మీద పేరుకునే నూగు ముక్కులోనే ఆగిపోతుంది. ఊపిరితిత్తుల లోపలికి దిగేది కంటికి కనపడని సన్నటి దుమ్ము. అమెరికా 1978లో తెచ్చిన దూది దుమ్ము ప్రమాణం పెద్ద పోగులను వదిలేసి, సుమారు 15 మైక్రాన్ల లోపు రేణువులనే కొలుస్తుంది. నిమిషానికి 7.4 లీటర్ల గాలిని నిలువు గొట్టం గుండా పైకి లాగితే బరువైన నూగు కిందే ఉండిపోతుంది, సన్నది ఫిల్టర్ మీద పడుతుంది. ఆ ప్రమాణం ప్రకారం నూలు వడికే విభాగాల్లో ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాములు దాటకూడదు, నేత విభాగంలో 750. నేతలో ఎక్కువకు ఒప్పుకోవడానికి కారణం ఉంది: అక్కడికి వచ్చేసరికి చెత్త చాలావరకు పోయి ఉంటుంది, దుమ్ములో గంజి పొడి పాలు ఎక్కువ.

అందుకే షెడ్డు తెల్లగా కనిపించినంత మాత్రాన ఎక్కువ ప్రమాదమనీ, శుభ్రంగా కనిపిస్తే భద్రమనీ అనుకోకూడదు. ప్రమాదం ఎక్కువ ఉండేది దూది బేళ్ళు విప్పే చోట, దూదిని విడదీసి చెత్త దులిపే బ్లోరూమ్‌లో, కార్డింగ్‌లో. పాత మిల్లుల్లో అన్నిటికంటే చెడ్డ పని కార్డు తీగల్లో ఇరుక్కున్న చెత్తను గీకి తీయడం, తీగలకు సాన పట్టడం. ఆ పని చేసేవాళ్ళు మెషిన్ మీదికి వంగి, దుమ్ము లేచే చోటే ముఖం పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు కార్డులు మూతలు వేసి, లోపలి నుంచి గాలి లాగేలా ఉంటాయి. కానీ మూత తీసి జామ్ విడిపించే ఐదు నిమిషాల్లో, మూత రబ్బరు పాడైపోయి సందు వచ్చినప్పుడు, ఫిల్టర్ నిండి లాగుడు తగ్గినప్పుడు పాత మిల్లు పరిస్థితే తిరిగి వస్తుంది.

కంప్రెస్డ్ ఎయిర్‌తో మెషిన్లు ఊదడం, పొడి చీపురుతో ఊడ్చడం మానాలి. నేల మీద కూర్చున్న దుమ్మును మళ్ళీ అందరి ముక్కుల్లోకి లేపడమే అది. వాక్యూమ్ పెట్టాలి. ఊదక తప్పని మూలలుంటే షిఫ్టు మధ్యలో కాదు, మనుషులు బయటికి వెళ్ళాక, మాస్కు ఉన్నవాళ్ళే చేయాలి. బట్టల మీద దుమ్మును గాలిగొట్టంతో ఊదుకోవడం మరీ ప్రమాదం, కంట్లోకీ చర్మం కిందికీ గాలి దూరుతుంది.

కర్చీఫ్ నూగును ఆపుతుంది, సన్న దుమ్మును ఆపదు. ఎన్95 లాంటి మాస్కు ఆపుతుంది, ముఖానికి అంటుకుని ఉంటేనే. ముక్కు మీది తీగను రెండు చేతులతో నొక్కాలి, గట్టిగా ఊపిరి వదిలినప్పుడు కళ్ళ వైపు గాలి తగిలితే సరిగా కూర్చోలేదని అర్థం. గడ్డం ఉంటే అసలు కూర్చోదు. ఉక్కపోత షెడ్డులో ఎనిమిది గంటలు మాస్కుతో ఉండడం ఎవరి వల్లా కాదు. కాబట్టి ముందు మెషిన్ మూయాలి, గాలి లాగాలి, చెత్త తక్కువ ఉన్న దూది కొనాలి. మాస్కు చివరిది.

అపోహ: తేమ పెడితే కార్మికులకు చల్లగా ఉంటుంది.

వాస్తవం: తేమ నూలు కోసం, మనిషి కోసం కాదు. పొడి నూలు తెగుతుంది. వడికే చోట గాలిలో తేమ 55 నుంచి 60 శాతం, నేసే చోట 75 పైన కావాలి. తేమ పెరిగితే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. చెన్నై మే నెలలో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. మన ఫ్యాక్టరీ నిబంధనలు తడిబట్ట థర్మామీటరు (బుడ్డికి తడిబట్ట చుట్టి ఉండేది) అంకె 30 డిగ్రీలు దాటకూడదని, గాలి నిమిషానికి కనీసం 30 మీటర్ల వేగంతో కదలాలని చెబుతాయి. మామూలు థర్మామీటరు చూపించి "35 డిగ్రీలే" అంటే ఒప్పుకోవద్దు, తడిబట్ట అంకె అడగండి. కొలిచే ఎత్తు నేల నుంచి మీటరున్నర.

తేమకు వాడే నీళ్ళు తాగునీరంత శుభ్రంగా ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 15వ సెక్షన్ చెప్పింది; 2025 నవంబరు నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ ఉంది. ట్యాంకు పాచిపడితే అందులోని బ్యాక్టీరియా తుంపరగా షెడ్డంతా పరుచుకుంటుంది. దాంతో వచ్చే జ్వరం కూడా సెలవు తర్వాత మొదటిరోజే వస్తుంది, బిస్సినోసిస్‌తో కలిసిపోతుంది. ఆయాసంతో పాటు చలిజ్వరం ఉంటే ట్యాంకు మూత తీసి చూడండి.

అపోహ: నేత షెడ్డు మనిషికి చెవుడు వయసుతో వచ్చిందే. చెవిలో దూది పెట్టుకుంటే సరిపోతుంది.

వాస్తవం: షటిల్ మగ్గాల షెడ్డులో శబ్దం 95 నుంచి 105 డెసిబెల్స్ దాకా ఉంటుంది. మన నిబంధనల్లో 90 డెసిబెల్స్‌కు ఎనిమిది గంటలు, 100కు రెండు గంటలు, 105కు ఒక గంట. ఆ షెడ్డులో పూర్తి షిఫ్టు అంటే ఎన్ని రెట్లో మీరే లెక్కేయండి. ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష గీతలో) శబ్దం వల్ల వచ్చిన చెవుడు 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా పడి, 8000 దగ్గర కాస్త పైకి లేస్తుంది. వయసు చెవుడులో గీత చివరిదాకా జారుతూనే పోతుంది. మాట వినిపిస్తుంది కానీ అర్థం కాదు, స, ష, ఫ లాంటి అక్షరాలు కలిసిపోతాయి, మనవరాలి సన్నని గొంతు అందదు. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు శబ్దానికి దూరంగా ఉండాలి, లేకపోతే తాత్కాలిక చెవుడు కలిసి లెక్క తప్పుతుంది.

దూది దాదాపు ఏమీ ఆపదు. ఫోమ్ ప్లగ్గును వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చేత్తో తల వెనక నుంచి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. సగం బయట కనిపిస్తుంటే పెట్టనట్టే.

అపోహ: కరెంటు దీపాలు వచ్చాక మిల్లు మనిషి సుఖపడ్డాడు. మంచి మిల్లుల్లో గొడవలు పెట్టింది బయటివాళ్ళు.

వాస్తవం: దీపాలు లేనప్పుడు పొద్దు పొడిచి పొద్దు గూకేదాకా పని. దీపాలు వచ్చాక ఆ హద్దూ పోయింది, బొంబాయి మిల్లుల్లో రోజుకు 14 గంటలు, అంతకు మించి నడిపారు. 1881 చట్టం ఏడేళ్ళ లోపు పిల్లలను మాత్రం వద్దంది. 1891 చట్టం ఆడవాళ్ళకు 11 గంటల హద్దు పెట్టింది, మధ్యాహ్నం అరగంట విరామం తప్పనిసరి చేసింది. మగవాళ్ళ గంటల జోలికి ఎవరూ పోలేదు. 1907-08 ఫ్యాక్టరీ లేబర్ కమిషన్‌లో కూడా ఎక్కువమంది ఆ హద్దు వద్దన్నారు. మద్రాసు నుంచి వెళ్ళిన సభ్యుడు డాక్టర్ టి.ఎం. నాయర్ ఒప్పుకోక విడిగా అసమ్మతి రాశారు. ఆయన వైద్యుడు. అన్ని గంటల పని ఒంటిని ఏం చేస్తుందో తెలిసినవాడు రాసిన కాగితం అది. 1911లో బట్టల మిల్లుల్లో పెద్దవాళ్ళకు 12 గంటల హద్దు వచ్చింది, 1922లో వారానికి 60 గంటలు, 1934లో 54, 1946లో 48. వారానికి 48 గంటలకు రావడానికి 1881 నుంచి 65 ఏళ్ళు పట్టింది.

పెరంబూరులోని బిన్నీ మిల్లులకు బడి, ఆ రోజుల్లో మంచి పేరు ఉండేవి. అయినా 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది అక్కడి కార్మికుల బాధల్లోంచే. మధ్యాహ్నం విరామం చాలదన్నది ముఖ్యమైన ఫిర్యాదు. వేల మంది ఒకేసారి బయటికి వచ్చి, చేతులు కడుక్కుని, తిని, మళ్ళీ గేటు దాటాలంటే అరగంట ఏ మూలకు? సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు ముందు ఆ గోడు విన్నారు, తర్వాత బి.పి. వాడియా అధ్యక్షుడయ్యారు. కంపెనీ హైకోర్టుకెళ్ళి యూనియన్ నాయకుల మీద ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చింది. ఆ దెబ్బే 1926 ట్రేడ్ యూనియన్ల చట్టానికి దారి తీసింది.

అపోహ: గార్మెంట్ అంటే కూర్చుని చేసే తేలిక పని.

వాస్తవం: బట్ట అక్కడికి వచ్చేసరికి ఉడికి, ఉతికి ఉంటుంది కాబట్టి బిస్సినోసిస్ భయం చాలా తక్కువ. జబ్బులు వేరు. వీపుకు ఆనుడు లేని స్టూలు మీద మెడ వంచి, గంటకు ఇన్ని పీసులన్న టార్గెట్‌తో రోజంతా కూర్చుంటే మెడ, నడుము, భుజం పోతాయి. టాయిలెట్‌కు వెళితే టార్గెట్ తప్పుతుందని నీళ్ళు తాగడం మానేస్తారు. అక్కడి నుంచి మూత్రంలో మంట, పదేపదే ఇన్‌ఫెక్షన్లు. ఇది సిగ్గుపడి దాచే విషయం కాదు, పని వల్ల వచ్చిన జబ్బు. మూత్రం ముదురు పసుపులో ఉంటే నీళ్ళు చాలలేదు. ఇస్త్రీ సెక్షన్ వాళ్ళకు ఇంకా ఎక్కువ కావాలి.

సూది వేలిలో దిగితే కట్టు కట్టి మళ్ళీ మెషిన్ మీద కూర్చోబెడతారు. సూది ముక్కలన్నీ పక్కపక్కన పేర్చి కొన మొత్తం దొరికిందో లేదో చూడాలి. దొరక్కపోతే వేలికి ఎక్స్‌రే తీయించాలి, ఇక్కడ మాత్రం ఎక్స్‌రే సరైన పరీక్షే. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి చూసుకోవాలి. జీన్స్‌ను ఇసుకతో ఊదే పని ఎక్కడైనా కనిపిస్తే అది బిస్సినోసిస్ కాదు, సిలికోసిస్. కొద్ది ఏళ్ళలోనే కుర్రవాళ్ళను చంపే పని.

అపోహ: మిల్లు మూతబడింది, ఇక అడిగేదేముంది.

వాస్తవం: పెరంబూరు మిల్లు 1996లో మూతబడింది. అప్పటి కుర్రవాళ్ళు ఇప్పుడు అరవై చుట్టుపక్కల ఉన్నారు. దుమ్ము మానేసినా, పడిపోయిన ఊపిరి శక్తి పూర్తిగా తిరిగి రాదు. అలాంటివాళ్ళు ఆయాసంతో వస్తే చీటీ మీద ఉబ్బసం అనో, పొగతాగే వాళ్ళ జబ్బు అనో పడుతుంది. డాక్టరు అడగకపోయినా చెప్పండి: ఏ మిల్లు, ఏ విభాగం, ఎన్నేళ్ళు, ఆఫ్ తర్వాతి రోజు ఆయాసం ఉండేదా. బ్లోరూమ్, కార్డింగ్ పేర్లు చీటీ మీద రాయించుకోండి.

బిస్సినోసిస్, శబ్దం వల్ల చెవుడు రెండూ 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బులుగా ఉండేవి. వైద్యం చేసే డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాయాలని ఆ చట్టం 89వ సెక్షన్ చెప్పింది. నష్టపరిహార చట్టంలో, ఈఎస్‌ఐ చట్టంలో కూడా బిస్సినోసిస్ వృత్తి వ్యాధుల జాబితాలో ఉండేది. 2025 నవంబరు నుంచి ఈ జాబితాలు కొత్త కార్మిక కోడ్‌లలోకి మారాయి. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళు దాచుకోవాల్సిన కాగితాలు ఇవి: ఈఎస్‌ఐ కార్డు, విభాగం పేరున్న పే స్లిప్పు లేదా గేటు పాసు, చేరినప్పటి స్పైరోమెట్రీ, ఆ తర్వాత ప్రతి ఏటా తీసిన స్పైరోమెట్రీ గీతలతో సహా. అంకెలు మాత్రమే రాసిచ్చిన కాగితాన్ని మెడికల్ బోర్డు ముందు ప్రశ్నించడం తేలిక, గీత ఉంటే ఎలా ఊదారో కనిపిస్తుంది. పరీక్ష చేసిన రోజు వారం సెలవు తర్వాత మొదటిరోజా కాదా అన్నది అదే కాగితం మీద రాయించాలి.